రీజెన్సీ గౌనులో హైదరాబాదు పిల్ల

ముందుగా ఒక ప్రశ్న. 1814లో, నెపోలియన్ గొడవ ఇంకా పూర్తిగా సద్దుమణగని రోజుల్లో, ఇంగ్లండులో ఒక పెద్దింట్లో గౌను వేసుకుని తిరిగే పన్నెండేళ్ళ అమ్మాయి హైదరాబాదులో పుట్టినదై ఉండే అవకాశం ఉందా? తొందరపడకండి, జవాబు కాసేపట్లో చెప్తాను. ఈలోగా ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో చూద్దాం.

మనకి పౌరాణికాలు ఎలాగో ఇక్కడి ఇంగ్లీషువాళ్ళకి పీరియడ్ డ్రామాలు అలాగ. గుర్రబ్బళ్ళు, కొవ్వొత్తుల వెలుగులో డాన్సులు, పెళ్ళికాని కూతుళ్ళ గురించి తల్లుల బెంగ. కథ అందరికీ ముందే తెలుసు, అయినా మళ్ళీ చూస్తారు. అందులోనూ రీజెన్సీ కాలం (1811 నుంచి 1820 దాకా, మూడో జార్జికి మతి తప్పితే కొడుకు రాజప్రతినిధిగా ఏలిన తొమ్మిదేళ్ళు) అంటే మరీ మోజు. జేన్ ఆస్టెన్ నవలలన్నీ అచ్చయింది ఆ కాలంలోనే మరి.

ఈ డ్రామాల్లో తెల్లవాళ్ళు కాని నటులు కనబడటం ఎక్కువయ్యాక గొడవ మొదలైంది. 2019లో ఆర్మాండో ఇయనూచీ తీసిన డేవిడ్ కాపర్‌ఫీల్డ్ సినిమాలో డేవిడ్‌గా దేవ్ పటేల్. 2020 డిసెంబరులో బ్రిడ్జర్టన్‌లో నల్లజాతి డ్యూకు, నల్లజాతి రాణి. 2022 మార్చిలో అదే సీరియల్ రెండో సీజన్లో ఇండియానుంచి దిగిన శర్మ అక్కచెల్లెళ్ళు. ప్రతిసారీ అభిమానుల్లో రెండు పక్షాలు. ఒకరు "ఇది చరిత్ర కాదు" అంటారు. రెండోవారు "ఇది కథ, చరిత్ర పాఠం కాదు" అంటారు. తమాషా ఏమిటంటే, ఇద్దరూ ఒక విషయం మాత్రం ఒప్పేసుకుంటున్నారు: చరిత్రలో మాత్రం అలాంటివాళ్ళు లేరని.

నా పేచీ అక్కడే.

అసలు ఇందులో మూడు వేర్వేరు వ్యవహారాలున్నాయి. మూడింటినీ ఒకే సంచీలో వేసి కలియబెట్టడం వల్లే వాదన తెగడంలేదు. విడదీసి చూద్దాం.

మొదటిది దేవ్ పటేల్ తరహా. అక్కడ డేవిడ్ భారతీయుడని ఎవరూ అనటంలేదు. అతని తల్లి తెల్లావిడ, ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఇది నాటకాల్లో ఉండే పాత ఒప్పందం. మన స్థానం నరసింహారావుగారు సత్యభామగా జడ ముందుకు వేసుకుని స్టేజీ మీదకి వస్తే, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి ఆయన మగవాడని తెలియక కాదుకదా! తెలుసు. తెలిసే సత్యభామని చూశారు. ఆయనకి 1956లో పద్మశ్రీ ఇచ్చారు కూడా. షేక్స్‌పియర్ కాలంలో జూలియెట్ వేషం వేసింది కుర్రాళ్ళే. నటుడి ఒళ్ళు వేరు, పాత్ర వేరు అన్నది ప్రేక్షకుడు టిక్కెట్టు కొన్నప్పుడే పెట్టే సంతకం. దీన్ని చరిత్రతో కొలవడం అనవసరం.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. పుస్తకంలోనో, దస్తావేజుల్లోనో ఉన్న మనిషినే తెరమీదకి తేవడం. ఇక్కడ చరిత్ర గట్టిగా అడగాల్సిందే, అయితే జవాబులు మనం అనుకున్నట్టు రావు.

వుదరింగ్ హైట్స్ (1847) సంగతి తీసుకోండి. హీత్‌క్లిఫ్‌ని లివర్‌పూల్ వీధుల్లోంచి ఎత్తుకొస్తారు. నల్లనివాడని ఎమిలీ బ్రాంటీ పదేపదే చెప్తుంది. లాస్కర్ పిల్లాడేమో అని పొరుగువాళ్ళు అనుకుంటారు. లాస్కర్లంటే ఇంగ్లీషు ఓడల్లో పనిచేసే మన దేశపు, మన చుట్టుపక్కల దేశాల కళాసీలు. అలాంటి పాత్రని 1939లో లారెన్స్ ఒలివియే వేశాడు. ఆ తర్వాత కూడా వరసగా తెల్లనటులే. నల్లజాతి నటుడు పెద్ద తెరమీద ఆ పాత్ర వెయ్యడానికి 2011లో ఆండ్రియా ఆర్నాల్డ్ సినిమా దాకా ఆగాల్సి వచ్చింది. 2024లో ఎమరాల్డ్ ఫెనెల్ మళ్ళీ జేకబ్ ఎలోర్డీని ఎంచుకున్నప్పుడు అభిమానులు పుస్తకం తెరిచి చూపించి మరీ పోట్లాడారు. డెబ్భై ఏళ్ళపాటు పుస్తకానికి విరుద్ధంగా నటుల్ని పెడుతూపోతే, "ఇది చరిత్ర కాదు" అన్న గొంతులు ఎక్కడికి పోయాయో!

జేన్ ఆస్టెన్ చివరి నవల శాండిటన్‌లో మిస్ లాంబ్ అనే అమ్మాయి ఉంది. వెస్టిండీస్‌నుంచి వచ్చిన, పదిహేడేళ్ళ, మిశ్రమ సంతతి పిల్ల. ఆ కథలో అందరికన్నా డబ్బున్నది ఆవిడే. ఆస్టెన్ 1817 జనవరిలో మొదలుపెట్టి, జబ్బుచేసి మార్చిలో ఆపేసింది, జూలైలో పోయింది. కాబట్టి మిస్ లాంబ్ ఏమైందో ఎవరికీ తెలీదు. 2019లో ఐటీవీ దాన్ని సీరియల్‌గా తీసినప్పుడు ఆ పాత్రని క్రిస్టల్ క్లార్క్ వేసింది. అది కొత్తగా చొప్పించిన పాత్ర కాదు, సాక్షాత్తు ఆస్టెనమ్మ చేతిరాత!

ఇక డైడో బెల్. 1761లో పుట్టింది. తండ్రి నౌకాదళ అధికారి జాన్ లిండ్సే, తల్లి బానిసగా బతికిన మరియా బెల్. లండన్ కెన్‌వుడ్ హౌస్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇంట్లో పెరిగింది. ఇంగ్లండు గడ్డమీదినుంచి బానిసని బలవంతంగా ఓడెక్కించి పంపడం చెల్లదని 1772లో సోమర్సెట్ కేసులో తీర్పు చెప్పిన జడ్జి ఆయనే. డైడో, ఆమె బంధువు ఎలిజబెత్ పక్కపక్కన ఉన్న వర్ణచిత్రం ఒకటుంది. చాలాకాలం అందులో రెండో అమ్మాయి ఎవరన్నది ఎవరూ పట్టించుకోలేదు, పరిచారిక అనుకుని ఊరుకున్నారు. ఆ ఇంట్లో ఎలిజబెత్‌కి ఏడాదికి నూరు పౌన్లు ఇస్తే, డైడోకి ముప్ఫై పౌన్ల పది షిల్లింగులు. ఈ ఒక్క లెక్కలో ఆవిడ పరిస్థితి మొత్తం ఉంది: ఇంటిపిల్లే, కానీ పూర్తిగా కాదు. 2013లో వచ్చిన బెల్ సినిమా ఆ బొమ్మలోంచే పుట్టింది. అందులో ఆమె ప్రేమించినవాడు ఆదర్శాలున్న కుర్ర లాయరు. వాస్తవంలో ఆమె పెళ్ళాడిన జాన్ డావినియే ఒక పెద్దింటి ఉద్యోగి. ఒకరకంగా ఆ సినిమాయే మంచి ఫ్యాన్ ఫిక్షన్.

మూడోది బ్రిడ్జర్టన్ తరహా. ఇది ప్రత్యామ్నాయ చరిత్ర. రాజుగారు నల్లజాతి అమ్మాయిని ప్రేమించి పెళ్ళాడేసరికి రంగుభేదం తొలగి, అందరికీ బిరుదులూ భూములూ దక్కాయన్నది అందులో ఊహ. రాణీ షార్లెట్ పూర్వీకుల్లో పదిహేనో శతాబ్దపు పోర్చుగీసు స్త్రీ ఒకామె ఆఫ్రికా సంతతి అని ఒక వాదన ఉంది. చాలామంది చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. సీరియల్‌వాళ్ళకి ఆ చిన్న నిప్పురవ్వ చాలింది.

సరే, ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు.

ఉంది. ఆ అమ్మాయి పేరు కిట్టీ కిర్క్‌పాట్రిక్.

కాదు, అసలు పేరు అది కాదు. 1802లో హైదరాబాదులో పుట్టినప్పుడు పెట్టిన పేరు నూరున్నిసా, ఇంట్లో పిలుపు సాహెబ్ బేగం. తండ్రి జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు. తల్లి ఖైరున్నిసా, నగరంలో పేరున్న సయ్యదుల కుటుంబం పిల్ల. కోఠీలో స్తంభాలతో నిలబడ్డ ఆ రెసిడెన్సీ భవనం కట్టించినవాడు ఈ కిర్క్‌పాట్రికే. 1949లో అందులోకి మహిళా కళాశాల వచ్చింది, 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. మనలో ఎందరి అక్కలో, అత్తలో అక్కడ డిగ్రీ చదివి ఉంటారు. వాళ్ళు మెట్లెక్కిన ఆ ఇంటి తోటలో ఈ పిల్ల బుడిబుడి అడుగులు వేసింది.

1805లో కిట్టీనీ, ఏడాది పెద్దవాడైన అన్ననీ మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండులో తాతగారి దగ్గరికి పంపేశారు. ఎక్కేముందు జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఇద్దరి బొమ్మా గీశాడు. హైదరాబాదీ దుస్తుల్లో, జరీ టోపీల్లో ఉన్న ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళు ఓడలో ఉండగానే, కొద్దివారాలకి, తండ్రి కలకత్తాలో పోయాడు. మరుసటి ఏడు లండన్‌లో పిల్లలిద్దరికీ బాప్తిస్మం ఇచ్చి, కొత్తపేర్లు పెట్టి, తల్లివైపువాళ్ళతో సంబంధం తెంపేశారు. ఖైరున్నిసా ఆ తర్వాత హెన్రీ రస్సెల్ అనే కంపెనీ అధికారిని నమ్మి మోసపోయింది, కొన్నాళ్ళు హైదరాబాదు రాకూడదన్నమీదట మచిలీపట్నంలో గడిపింది. 1813లో, ముప్ఫయ్యేళ్ళు నిండకుండానే పోయింది. పిల్లల్ని మళ్ళీ చూడలేదు.

బ్రిడ్జర్టన్ రెండో సీజన్ కథ జరిగేది 1814లో. అంటే, తెరమీద కేట్ శర్మ గుర్రమెక్కి లండన్ పార్కులో దౌడు తీస్తున్న ఏడాదికి, నిజం ప్రపంచంలో ఒక హైదరాబాదు పిల్ల అదే ఇంగ్లండులో పన్నెండేళ్ళది, తల్లి పోయి ఏడాది. శర్మ కుటుంబం లెక్క కూడా గమనించండి. తండ్రి ఇండియా గుమాస్తా, చెల్లెలి తల్లి ఇంగ్లీషు పెద్దింటి పిల్ల. కిట్టీ కథని తిరగేసినట్టుంది. కాకపోతే సీరియల్లో ఆ అమ్మాయిలు పెళ్ళికిముందు పసుపు పూసుకుంటారు, నాన్నని "అప్పా" అని తల్చుకుంటారు. కిట్టీకి తన పేరు కూడా మిగల్లేదు.

ఆ తర్వాత కథ ఇంకా వింత. 1824లో యువకుడైన థామస్ కార్లైల్ లండన్‌లో కిట్టీని చూసి ముచ్చటపడ్డాడు. అతని సార్టర్ రిసార్టస్ (1833-34) లోని బ్లూమీన్ పాత్రకి మూలం ఈవిడేనని చాలామంది నమ్మకం. హైదరాబాదులో పుట్టిన సాహెబ్ బేగం ఇంగ్లీషు సాహిత్యంలోకి జర్మన్ పేరుతో వెళ్ళిందన్నమాట! 1829లో ఆమె ఒక ఆశ్వికదళ కెప్టెన్‌ని పెళ్ళాడింది. కొన్నేళ్ళ తర్వాత స్వాలోఫీల్డ్ అనే ఊళ్ళో ఒక పెద్దింటికి వెళ్తే, అక్కడ గోడమీద తన బొమ్మే కనిపించింది. చిన్నరీ గీసిన బొమ్మ. తల్లిని మోసంచేసిన ఆ రస్సెల్ ఇల్లే అది. బొమ్మ చూసి ఆవిడ ఏడ్చేసిందట. మేముండే రెడింగ్‌నుంచి స్వాలోఫీల్డ్ కారులో ఇరవై నిమిషాలు. అటు వెళ్ళినప్పుడల్లా ఆ గోడ గుర్తొస్తుంది.

ఆ పరిచయాల పుణ్యమా అని 1841లో హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకా బతికే ఉందని తెలిసి ఉత్తరాలు మొదలయ్యాయి. మనవరాలికి ఫారసీ రాదు, అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. మధ్యలో ఎవరో అనువదించాలి. 1847లో అమ్మమ్మ పోయేదాకా అవి నడిచాయి. ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. కిట్టీ 1889లో టార్కీలో పోయింది.

1889 అంటే విక్టోరియా కాలం. మా అమ్మాయి బడిలో ఆమధ్య విక్టోరియన్ డే చేశారు. ఇక్కడ బళ్ళలో ఇది మామూలే. పిల్లలు టోపీలు, ఏప్రన్లు వేసుకుని పలకలమీద రాస్తారు. తోటిపిల్ల ఒకతె "అప్పట్లో ఇండియన్లు ఇక్కడ లేరుగా, నువ్వు ఓడలో వచ్చినట్టు నటించు" అందట. పాపం ఆ పిల్ల తప్పేంలేదు, చూసిన బొమ్మలన్నీ అదే చెప్పాయి. మావాళ్ళమ్మాయి వచ్చి, "నిజంగా లేరా?" అని అడిగింది. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ ప్రశ్న కాలక్షేపం కాదండీ. పుట్టిన ఊళ్ళో తనకి గతం ఉందా లేదా అని అడుగుతోంది. కిట్టీ గురించి చెప్పాను. ఓడలో వచ్చి, పెరిగి, పెళ్ళిచేసుకుని, విక్టోరియా కాలంలోనే ముసలమ్మ అయిందని చెప్పాను. లండన్‌లో 1810లోనే హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచి, తర్వాత బ్రైటన్‌లో ఇద్దరు రాజులకి ఆస్థాన మాలిష్ వైద్యుడైన షేక్ దీన్ మహమ్మద్ గురించీ చెప్పాను. కాఫీ హౌస్ సంగతి ఆవిడకి బాగా నచ్చింది.

అయితే కిట్టీ మన వాదాన్ని సులువు చెయ్యదు, చిక్కు చేస్తుంది. కార్లైల్ జ్ఞాపకాల ప్రకారం ఆమెది రాగి ఎరుపు జుట్టు, గోధుమ కళ్ళు. రేపు ఎవరైనా ఆమె కథ తీస్తే ఎవరిని పెట్టాలి? మన రంగు నటిని పెడితే "వర్ణనకి సరిపోలేదు" అంటారు. ఎర్రజుట్టు నటిని పెడితే హైదరాబాదు మాయమైపోతుంది. అప్పట్లో ఆమెని పెంచినవాళ్ళకి కావలసింది అదే కదా. రంగు చూసి చరిత్ర ఉందో లేదో తేల్చేద్దామనుకునే రెండు పక్షాలూ ఇక్కడ బోల్తాపడతాయి. మొహం చరిత్రకి సాక్ష్యం కాదు. పేరు ఎలా మారింది, ఉత్తరం ఎందుకు ఆగింది, డబ్బు ఎక్కడిది అన్నవి సాక్ష్యాలు.

డబ్బు అన్నాను కాబట్టి అక్కడికే వద్దాం.

రీజెన్సీ డ్రామాల్లో అందరూ మెచ్చేది ఆ తెల్లటి పల్చటి గౌన్లు. అది మస్లిన్. దాని కీర్తి బెంగాలుది, ఢాకా నేతది. ఆస్టెన్ నవల నార్తాంగర్ ఆబీలో హెన్రీ టిల్నీ అసలైన ఇండియన్ మస్లిన్ చవగ్గా కొన్నానని గొప్పలు పోతాడు. అంతకు నూరేళ్ళముందు ఇంగ్లండుని ఊపేసినవి మన కోస్తా అద్దకాలు. కంపెనీవాళ్ళు మచిలీపట్నంలో దిగింది 1611లో. ఆ తీరంలో చాయవేరు ఎరుపుతో వేసిన పూల అద్దకం బట్టల మోజు ఎంత ముదిరిందంటే, ఇక్కడి నేతవాళ్ళు గోలపెడితే పార్లమెంటు 1700లో అద్దకం బట్టల దిగుమతి ఆపుతూ ఒక చట్టం, 1721లో అసలు కట్టుకోవడమే నేరమంటూ ఇంకో చట్టం చేసింది. 1774లోగానీ ఆ నిషేధం ఎత్తలేదు. తెరమీద మనవాళ్ళ మొహాలు ఉండాలా వద్దా అని కొట్టుకుంటున్నాంగానీ, మనవాళ్ళ చేతిపని మొదట్నుంచీ ప్రతి ఫ్రేములో ఉంది.

మనుషులూ ఉన్నారు. ఆస్టెన్ సొంత మేనత్త ఫిలడెల్ఫియా మొగుణ్ణి వెతుక్కుంటూ 1752లో ఓడెక్కి మద్రాసు వైపు వచ్చింది. ఆమె కూతురు ఎలైజా కలకత్తాలో పుట్టింది, వారన్ హేస్టింగ్స్ ఆ పిల్లకి గాడ్‌ఫాదర్. మాన్స్‌ఫీల్డ్ పార్క్ నవలలో సర్ థామస్‌కి ఆంటిగ్వాలో తోటలున్నాయి. బానిస వ్యాపారం గురించి ఫానీ అడిగితే ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆ మౌనం గురించి ఎడ్వర్డ్ సయీద్ 1993లో రాశాక చాలామందికి ఆ నవల మళ్ళీ మునుపటిలా చదవడం కుదరలేదు. 1999లో పట్రీషియా రోజెమా తన సినిమాలో ఆ మౌనాన్ని బద్దలుకొట్టి బానిసత్వాన్ని నేరుగా చూపించింది.

బ్రిడ్జర్టన్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. మొహాలు మార్చారు, సంతోషం. కేట్ శర్మగా వేసిన సిమోన్ ఆష్లీ, ఎడ్వినాగా వేసిన చరిత్ర చంద్రన్ ఇద్దరివీ తమిళ మూలాలున్న కుటుంబాలు. ఆ రంగు అమ్మాయి కథానాయికగా వెలగడం చూసి మా ఇంట్లో కూడా ఒక ముచ్చట. కానీ ఇండియా అంటే 1814లో కంపెనీ సైన్యాలు తిరుగుతున్న ఇండియా అని ఎక్కడా కనబడదు. తెరమీద అందరికీ ఎస్టేట్లున్నాయి. ఆ డబ్బెక్కడిదని ఎవరూ అడగరు. మొహం ఇచ్చి, పద్దు పుస్తకం పట్టుకుపోయారు.

చిన్న తప్పులూ ఉన్నాయి. ఎవరినీ తిట్టడానికి కాదు, సరదాకి చెప్తున్నా. అమ్మాయిలు నాన్నని "అప్పా" అంటారు, ఒకరినొకరు "దీదీ", "బోన్" అనుకుంటారు, బొంబాయినుంచి వచ్చామంటారు. తమిళం, హిందీ, బెంగాలీ కలిపిన పులిహోర. కేట్ ఇంగ్లీషు టీ నచ్చక యాలకులూ అవీ వేసి చాయ్ కాచుకుంటుంది. 1814లో మన ఇళ్ళల్లో చాయెక్కడిది? అస్సాంలో టీ తోటలు పెట్టిందే 1830ల్లో. మామూలు ఇళ్ళకి అది అలవాటైంది ఇరవయ్యో శతాబ్దంలో, ఊరూరా తిరిగి రుచి చూపించాక. మొహాల గురించి చరిత్ర తీసినవాళ్ళెవరూ ఈ చాయ్ గురించి పెద్దగా మాట్లాడినట్టు నేను చూడలేదు. చరిత్ర మీద బెంగ అంటే అన్నిటిమీదా ఉండాలి కదా?

ఇక్కడే ఫ్యాన్ ఫిక్షన్ అక్కరకొస్తుంది. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, అభిమానులు తమకి నచ్చిన కథలోని పాత్రల్ని తీసుకుని, ఆ కథలో లేని కథ రాసుకోవడం. డబ్బుకోసం కాదు, పేరుకోసం కూడా కాదు. ఆస్టెన్ పాత్రలన్నిటినీ కలిపి సిబిల్ బ్రింటన్ 1913లోనే ఒక నవల రాసింది. జీన్ రిస్ వైడ్ సర్గాసో సీ (1966) లో జేన్ ఎయిర్‌లోని అటక మీది పిచ్చిదాన్ని కిందకి దింపి, జమైకాలో ఆమె బాల్యం రాసింది. జో బేకర్ లాంగ్‌బోర్న్ (2013) లో ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌ని వంటింట్లోంచి చెప్పింది. ఎలిజబెత్ బురదలో నడిచొస్తే ఆ లంగా అంచులు ఉతికేదెవరు అన్నది ఆమె ప్రశ్న. అందులో బింగ్లీల ఆస్తి చక్కెర తోటలది, వాళ్ళ ఫుట్‌మాన్ ఆ తోటలనుంచి వచ్చిన మిశ్రమ సంతతి కుర్రాడు. అచ్చయితే నవల అంటున్నాం, అచ్చవకపోతే ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నాం. చేసే పని ఒకటే.

వుదరింగ్ హైట్స్‌లోనే ఒక చక్కటి ఘట్టం ఉంది. మొహం చూసుకుని కుంగిపోతున్న చిన్న హీత్‌క్లిఫ్‌ని దాసీ నెల్లీ ఓదారుస్తూ, మీ నాన్న చైనా చక్రవర్తేమో, మీ అమ్మ ఇండియా రాణేమో, ఎవరికి తెలుసు అంటుంది. చూడండి, నవల లోపలే ఫ్యాన్ ఫిక్షన్! పేరూ ఊరూ లేని పిల్లాడికి గతాన్ని అల్లి ఇస్తోంది. ఆ అవసరం ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మనకి ఇది మరీ కొత్తేం కాదులెండి. శశిరేఖ వ్యాసభారతంలో లేదు. అయినా 1957నుంచి మాయాబజార్ చూసినవాళ్ళెవరూ "ఇది మూలంలో లేదు" అని లేచిపోలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి శంబుకవధ రాస్తే గొడవైంది. ఓల్గా విముక్తలో సీత అహల్యతో, శూర్పణఖతో మాట్లాడుతుంది. మూలం మౌనంగా ఉన్నచోట ప్రశ్న వెయ్యడమే ఈ రచనల పని. వినోదానికి కల్పిస్తే నవ్వుకున్నాం, ప్రశ్నతో కల్పిస్తే కోప్పడ్డాం. ఇంగ్లీషువాళ్ళు కూడా మనలాగే ఉన్నారు.

మంచి ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ళు చేసేది నా దృష్టిలో సాఫ్ట్‌వేర్‌లో మేం చేసేదానికి దగ్గర. ఎవరో రాసి వదిలేసిన పాత కోడ్ తీసుకుని, ఇది ఇలా ఎందుకు పనిచేస్తోంది, ఈ విలువ ఎక్కడనుంచి వస్తోంది అని వెనక్కి వెతుక్కుంటూ పోవడం. "అప్పా", "దీదీ", "బోన్" ఒకే ఇంట్లో ఎలా కుదురుతాయి? తమిళ గుమాస్తా ఒకడు కలకత్తాలో కొన్నేళ్ళు, బొంబాయిలో కొన్నేళ్ళు కంపెనీ కొలువు చేశాడనుకోండి, కుదురుతాయి. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: అతను ఏ లెక్కలు రాశాడు? ఉప్పుదా, నల్లమందుదా, శిస్తుదా? సీరియల్ తప్పు అనుకున్నదాన్నే పట్టుకుని లాగితే, సీరియల్ దాచిపెట్టిన పద్దు బయటికొస్తుంది.

నేనూ కిట్టీమీద ఒక కథ రాసుకుంటున్నాను, కేట్ శర్మని లండన్‌లో ఒక విందులో ఆమెకి ఎదురుపడేట్టు. రాస్తుంటే అడ్డొస్తున్నది ప్రేమ కాదు, నాన్న. కిర్క్‌పాట్రిక్‌ని మనం ప్రేమకథ నాయకుడిగా గుర్తుపెట్టుకుంటాం. 1798లో నిజాం దగ్గర ఉన్న ఫ్రెంచి పటాలాన్ని నిరాయుధం చేయించింది ఆయనే. 1800 అక్టోబరులో నిజాంతో కుదిరిన ఒడంబడిక వెనక ఉన్నదీ ఆయనే. ఆ కాగితంతోనే బళ్ళారి, అనంతపురం, కడప కంపెనీపరమయ్యాయి. మా అమ్మమ్మవాళ్ళది కడప జిల్లా. దత్తమండలం అన్న మాట చిన్నప్పుడు ఇంట్లో విన్నాను. ఆ మాట వెనకున్నవాడే, తన ప్రియురాలికోసం తోటలో అంతఃపురం కట్టించినవాడు. రెండూ ఒకే చెయ్యి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే నా కథ కూడా ఇంకో బ్రిడ్జర్టనే అవుతుంది. అందుకని కేట్ చేత ఆ ప్రశ్న అడిగిస్తున్నాను. కిట్టీ ఏం జవాబిస్తుందో ఇంకా తేలలేదు. పన్నెండేళ్ళ పిల్ల, తండ్రి మొహం కూడా సరిగ్గా గుర్తుండని పిల్ల, ఏం చెప్తుంది పాపం?

కాబట్టి నేను చెప్పొచ్చేదేమిటంటే, వచ్చే సీరియల్లో మన రంగు అమ్మాయి గౌను వేసుకుని కనబడితే సంతోషించండి, నేనూ సంతోషిస్తాను. "అప్పట్లో వీళ్ళెక్కడున్నారు" అని ఎవరైనా అంటే ఉన్నారని చెప్పండి, ఈసారి మీ దగ్గర పేర్లున్నాయి. కానీ అక్కడితో ఆగద్దు. ఆ అమ్మాయిని ఓడెక్కించిందెవరు, వాళ్ళమ్మ ఎక్కడ, ఆ ఇంటి గోడలకి డబ్బెక్కడిది అని కూడా అడగండి. సీరియల్ జవాబు చెప్పకపోతే మీరే రాయండి.

అన్నట్టు, చిన్నరీ గీసిన బొమ్మ చివరికి కిట్టీకే చేరింది. ఇప్పుడది హాంకాంగ్‌లో ఒక బ్యాంకు సేకరణలో ఉంది. కోఠీ రెసిడెన్సీ మాత్రం మరమ్మతులై మన ఊళ్ళోనే ఉంది. ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఒకసారి చూసిరండి. ఆ అమ్మమ్మా మనవరాళ్ళ ఆరేళ్ళ ఉత్తరాలని మనవైపునుంచి, తెలుగులో, ఎవరైనా కథగా రాస్తే చదవాలని నాకు చాలా కోరిగ్గా ఉంది. అంతఃపురంలో పనిచేసిన తెలుగు దాసీ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. అక్కడినుంచి మొదలుపెట్టచ్చు.